నానబెట్టని పప్పు

అడవి దాటి సంతకు పోయే బండ్లన్నీ రాళ్ళమలుపు దగ్గర కాసేపు ఆగుతాయి. ఆ మలుపులోనే ఎలుగుబంటి గుబురయ్య ఇడ్లీ కొట్టు. తెల్లారకముందే బండి ఎడ్లు వచ్చి నిలబడేవి. ఆకులో పొగలు కక్కే ఇడ్లీలు, మీద ఇంత అల్లం పచ్చడి. అది కడుపులో పడితే గాని ముందున్న ఎత్తు ఎక్కలేమనేవి. గుబురయ్య పెళ్ళాం పిల్లలు బతికేది ఆ కొట్టు మీదే.

ఇడ్లీ కొట్టు నడపడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి, పొద్దుగూకేలోపు రుబ్బాలి, రాత్రికి పిండిని దాని మానాన వదిలెయ్యాలి. ఇవాళ బద్ధకిస్తే రేపు కొట్టు లేదు. గుబురయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. మరీ బాగా తెలియడంతో, ఎవరికైనా చెప్పాలన్న దురద కూడా పట్టుకుంది.

ఆ దురదను కనిపెట్టినవాడు నక్క నీలాద్రి.

"బావా, నీలాంటి యాపారస్తుడు ఈ చుట్టుపక్కల ఉన్నాడేటి? కోడి పైడమ్మని చూడు, నూకల దుకాణం ఎప్పుడు తీస్తదో దానికే తెలీదు. ఉడత పల్లీల తట్ట ఓ రోజుంటే ఓ రోజుండదు. ఈళ్ళకి నాలుగు ముక్కలు చెప్పరాదూ?"

"నేనేం చెప్తాన్లే నీలాద్రీ," అన్నాడు గుబురయ్య, అప్పటికే గొంతు సవరించుకుంటూ.

అలా చిరువ్యాపారుల సంఘం పుట్టింది. గుబురయ్య అధ్యక్షుడు. రోజూ మధ్యాహ్నం భోజనాలు కాగానే వాగు ఒడ్డున సమావేశం. గుబురయ్య ఓ ఎత్తయిన బండ ఎక్కి, పొట్ట మీద చేతులు కట్టుకుని మొదలుపెట్టేవాడు.

"యాపారానికి అసలు పెట్టుబడి ఏటి? అలవాటు! వేళకి లేవాలి. వేళకి కొట్టు తియ్యాలి. రేపటి పని ఇవాళే మొదలెట్టాలి!"

పైడమ్మ రెక్కలు టపటపలాడించేది. ఉడత ఔనౌనని తోక ఊపేది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవాడు నీలాద్రి. కాకపోతే అతనికి సగంలో దాహమేసేది. "నువ్వు కానీ బావా, ఇప్పుడే వచ్చేస్తాను," అని వాగు వైపు కాకుండా ఇంటి వైపు పోయేవాడు. మాట్లాడేవాడికి అది కనబడదు.

ఒక్కోరోజు ఉపన్యాసం ముగిసేసరికి చీకటి పడేది. ఇంటికొచ్చి చూసుకుంటే పప్పు డబ్బాలోనే ఉండేది.

మొదటిసారి అలా జరిగినప్పుడు గుబురయ్య నిజంగానే కంగారు పడ్డాడు. తెల్లారి ఎద్దు గవరయ్య బండితో వచ్చి నిలబడితే, "రుబ్బురోలు పగిలిపోయింది తమ్ముడూ," అన్నాడు.

"అయ్యో, అలాగా!" అని గవరయ్య ఖాళీ కడుపుతో బండి లాక్కుపోయాడు. అతనికి ఒకరి మాటను అనుమానించడం చేతకాదు.

రెండోసారి బియ్యానికి పురుగు పట్టిందన్నాడు. అబద్ధం మొదటిసారి కంటే తేలిగ్గా వచ్చింది. ఆ తర్వాత ఓ తెల్లారుజామున కొట్టు తలుపే తియ్యలేదు. బయట గవరయ్య పిలుస్తుంటే లోపల దుప్పటి కప్పుకుని, గొంతు నీరసంగా పెట్టి, "ఒళ్ళు కాలిపోతంది తమ్ముడూ, జొరం," అన్నాడు. పెళ్ళాం అతని వంక ఓ చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. గుబురయ్యకు సిగ్గేసింది. కానీ ఆ మధ్యాహ్నం సంఘంలో ఏం చెప్పాలో అప్పటికే మనసులో తయారుగా ఉంది, ఆ ధ్యాసలో సిగ్గును పక్కకు నెట్టేశాడు.

ఆ రోజు జనం బాగా వచ్చారు. గుబురయ్య రెచ్చిపోయాడు.

"కొట్టు మూసే యాపారి, సాకులు చెప్పే యాపారి, వాడసలు యాపారే కాదు!" అని బండ మీద పాదం గట్టిగా వేశాడు.

అప్పుడే గుంపులోంచి దారి చేసుకుంటూ గవరయ్య వచ్చాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. మూతికి గుడ్డ కట్టిన చిన్న ముంత మెడలో వేలాడుతోంది.

"అన్నా, నీకోసం మీ ఇంటికెళ్ళాను. ఇక్కడున్నావని చెప్పారు. మిరియాల కషాయం తెచ్చాను. జొరం తగ్గిందా?" అని మెడ వంచి ముంతను గుబురయ్య చేతికి అందించాడు.

ఉడత తల దించుకుంది.

"ఆ మోకాలికేటయింది?" అన్నాడు గుబురయ్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పొద్దున ఎత్తులో కాళ్ళు తేలిపోయాయన్నా. పడ్డాను. కడుపులో ఏం లేదు గదా." గవరయ్య అందరి వైపూ తిరిగి గర్వంగా చెప్పాడు. "చూశారా మా అన్నని! ఒళ్ళు కాలిపోతన్నా సంఘం పని మానలేదు!"

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. గుబురయ్యకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది, నలుగురిలో నిలదీసినా బాగుండేది. ఈ మెచ్చుకోలు మాత్రం భరించలేకపోయాడు. దిక్కుతోచక నీలాద్రి కోసం చూశాడు. నీలాద్రి లేడు.

"నీలాద్రి ఏడీ?"

"ఇంకెక్కడ, పిండి రుబ్బుకుంటన్నాడు," అంది పైడమ్మ. "రేపు పొద్దున మలుపులోనే ఇడ్లీ కొట్టు తెరుస్తన్నాడు గదా. నీకు తెలీదా?"

గుబురయ్య బండ దిగి నక్క ఇంటికి పరిగెత్తాడు. నీలాద్రి రుబ్బురోలు ముందు కూర్చుని ఉన్నాడు, మోచేతుల దాకా పిండి.

"నన్ను మోసం చేశావు కదరా!"

"మోసమా?" నీలాద్రి పొత్రం ఆపలేదు. "రేపటి పని ఇవాళే మొదలెట్టమన్నావు, మొదలెట్టాను. నీ ఉపన్యాసం శ్రద్ధగా విన్నది నేనొక్కడినే బావా."

గుబురయ్య ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. ఇప్పుడు నానబెట్టినా తెల్లారేసరికి పిండి పులవదు. ముంత ఇంకా చేతిలోనే ఉంది. ఆ కషాయం పారబొయ్యడానికీ తాగడానికీ మనసొప్పలేదు.

తెల్లారి మలుపులో నీలాద్రి కొట్టు నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. గవరయ్య మాత్రం కుంటుకుంటూ వచ్చి అలవాటుగా గుబురయ్య కొట్టు ముందే నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఇవాళ ఇడ్లీల్లేవు," అన్నాడు గుబురయ్య. "రోలు పగల్లేదు. పురుగూ పట్టలేదు. నాకు జొరం రాలేదు. పప్పు నానబెట్టలేదు, అంతే. ఎదురుగా నక్క దగ్గరున్నాయి, పోయి తిను."

గవరయ్య బండి తిప్పుకుని రోడ్డు దాటి వెళ్ళి నక్క దగ్గర తిన్నాడు.

ఆ మధ్యాహ్నం నీలాద్రి వచ్చి, "బావా, సంఘంలో అందరూ ఎదురుచూస్తన్నారు," అన్నాడు పళ్ళికిలించి. గుబురయ్య నీళ్ళ గిన్నెలోంచి చేతులు తియ్యకుండా, "నాకు పనుంది," అన్నాడు. ఆ రోజు నుంచి పప్పు నానని మధ్యాహ్నం లేదు, కొట్టు తియ్యని తెల్లవారుజాము లేదు. ఎడ్లు ఒక్కటొక్కటే తిరిగి రాసాగాయి. గవరయ్యా వచ్చాడు.

అయితే ఇదివరకులా నేరుగా వచ్చి ఆకు కోసం మెడ చాపడం లేదు. బండి రోడ్డు మీదే ఆపి, దూరం నుంచే అడుగుతాడు: "అన్నా, ఇవాళ ఉన్నాయా?"

"ఉన్నాయి తమ్ముడూ," అంటాడు గుబురయ్య, తల ఎత్తకుండా. మర్నాడు గవరయ్య మళ్ళీ అదే అడుగుతాడు.

నీతి: ఎంత గొప్పగా మాట్లాడినా, రుబ్బని పిండి పులవదు.