ఊదారంగు నీళ్ళు

2014 మే 8, గురువారం, సాయంత్రం ఐదుంబావు. అసర్ నమాజు అయిపోయింది. మా మేనత్త కాశింబీ, తోడుగా నేను, దస్తగిరి సాహెబు గారి వాకిట్లో అడుగుపెట్టాం. అత్త ఆయన దగ్గర సెలవు తీసుకోడానికి వెళ్ళింది.

మామ పోయాక అత్త మా ఇంట్లోనే ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట సాహెబు గారే ఆమెకు జిక్ర్ నేర్పారు. తెల్లవారుజామున నమాజు తరవాత కూర్చుని అల్లా పేరు తలుచుకోవడం, అంతే. మొదట్లో ఆ పేరు నాలుక మీదికి వస్తే చాలు, అత్త కొంగు తడిసిపోయేది. మా అవ్వ ఆ కొంగు చూసి, నా కూతుర్ని ఎవరో పిలుస్తున్నట్టుంది అని మురిసిపోయేది. రానురాను ఆ కన్నీళ్ళు తగ్గాయి. రెండేళ్ళుగా చుక్క లేదు. పేరు పలుకుతుంది గానీ లోపల ఏమీ కదలదు. ఎవరూ లేని ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నట్టుందనీ, రేపటి నించి మానేస్తాననీ దారంతా నాతో చెబుతూనే వచ్చింది.

సాహెబు గారు అరుగు మీద రెండు గాజు జాడీల ముందు కూర్చుని ఉన్నారు. నీళ్ళు శుద్ధి చేసే చోట ఇరవయ్యేడేళ్ళు ల్యాబులో పనిచేసిన మనిషి. వేసవని కాలవ కట్టేశారు. మా పేటకి వచ్చే నిలవ నీళ్ళు పచ్చగా ఉండేవి, నాచు కంపు. రెండు జాడీల్లోనూ ఆ నీళ్ళే.

ఆయన భార్య హుస్సేనమ్మ గారు మాకు చాప పరుస్తూ, "నా పచ్చడి జాడీలమ్మా అవి. మీ గురువుగారికి ఈ ఏడు ఆవకాయ దోసిట్లో పెడతాను" అన్నారు.

అత్త తలవంచుకుని చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన విన్నాక ఒక జాడీ ఆమె వైపు జరిపి, చిన్న సీసా మూత తీశారు. ఫెర్రేట్ అట. ఇనుముతో చేసే నల్లటి పొడి. కాలేజీలో పనిచేసే శిష్యుడొకాయన తయారుచేసి పంపాడు. రెండు జాడీల్లోనూ చెంచా మొనతో కాస్త వేసి, తేమ తగిలితే పాడైపోతుందని వెంటనే మూత బిగించారు. కలపమన్నారు.

పచ్చటి నీళ్ళు ఒక్కసారిగా ఊదారంగుకు తిరిగాయి, నేరేడు పళ్ళు పిండినట్టు. ఎండ పడి జాడీ వెలిగింది. అత్త మొహం అలా వెలగడం నేను ఆమె పెళ్ళి ఫోటోలో తప్ప చూడలేదు.

ఐదు నిమిషాలు కాలేదు, రంగు వెలిసిపోయింది. సాహెబు గారు తన చెంచాని ఊయల ఊపినంత మెల్లగా తిప్పుతూ కూర్చున్నారు. అత్త ఉండలేకపోయింది. పొడి చచ్చిపోయిందనుకుని, అడక్కుండానే సీసా అందుకుని ఇంకాస్త వేసింది. మళ్ళీ ఊదా. అది పలచబడుతుంటే మళ్ళీ వేసి గిరగిరా తిప్పింది. ఆయన చూశారు, ఆపలేదు.

"రంగు ఎక్కడికి పోతోంది సాహెబు గారూ?"

"మురికి దగ్గరికి."

ఎండ వాలింది. ఆయన చెంచా తీసేశారు. ఆ జాడీలో తుప్పురంగు తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని, పచ్చదనాన్నంతా వెంటేసుకుని అడుక్కి దిగాయి. పైన నీళ్ళు తేటపడ్డాయి. అత్త జాడీ మాత్రం ఇంకా ఊదాగా మెరుస్తూనే ఉంది.

ప్రతి గురువారంలాగే అత్త రోజా ఉంది. పొద్దుటి నించీ నోట్లో చుక్క నీళ్ళు పోయలేదు. పొద్దుగూకి మసీదు నించి మగ్రిబ్ అజా వినబడగానే సాహెబు గారు తన జాడీలో పైనున్న నీళ్ళు గుడ్డలో వడకట్టి ఒక గ్లాసు నింపారు. అత్త జాడీలోవి ఇంకో గ్లాసులోకి ఒంపారు. రెండూ ఆమె ముందు పెట్టారు.

"రోజా విప్పాలి కదమ్మా. ఏది తాగుతావు?"

అత్త ఊదా గ్లాసునే చూస్తూ ఉండిపోయింది. తరవాత బిస్మిల్లా అనుకుని తేట నీళ్ళ గ్లాసు తీసుకుంది. ఆగకుండా అంతా తాగింది.

బయల్దేరేటప్పుడు గడప దగ్గర వెనక్కి తిరిగి, ఆ మొదటి రోజుల రుచి ఆయనకి మళ్ళీ ఎప్పుడైనా దొరికిందా అని అడిగింది.

"నలభై ఏళ్ళయిందమ్మా," అన్నారు సాహెబు గారు. "రోజూ ఎదురుచూస్తాను." ఆ మాట అంటున్నప్పుడు మా వైపు చూడలేదు.

సెలవు మాట అత్త మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక అత్త చాప మీదే కూర్చుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఎండ గోడ మీదికి వచ్చినా లేవలేదు. టీ కాచినా ఆమెను ఎవ్వరం పిలవలేదు. మా అవ్వ మిక్సీ వేయనివ్వక, చట్నీ రోట్లో మెల్లమెల్లగా నూరింది. నాన్న స్కూటర్ స్టార్ట్ చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళాడు.