ఓదెమ్మ ఆఖరి బొత్తాం

అనగనగా ఒక బొగ్గు బాయి. బాయంటే నీళ్ళ బాయి కాదు, బొగ్గు తవ్వే గని. మన తాతల తాతలు అందులో దిగిన నాటి మాట.

ఆ బాయి గడ్డ మీది ఊళ్ళో ఓదెమ్మ అని ఒకామె ఉండేది. సీమ కోట్లు బాగుచేసేది. సీమ కోటంటే ఓడ మీద వచ్చిన తెల్లదొరల పని కోటు. గోనెకన్నా మందం. మూడు జేబులు, అయిదు బొత్తాలు. దొరలు తొడిగి తొడిగి పారేస్తే మనవాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. బాయిలో పైనుంచి నీళ్ళు కారతాయి, రాళ్ళు రాలతాయి. వీపుకు ఆ కోటే అడ్డం. దొరల చేతులు పొడుగు కదా! ఓదెమ్మ కోటు చేతులు కురచ చేసి, ఆ మిగిలిన ముక్కనే మోచేతికి అతుకు వేసేది.

అంతా కుట్టి, ఆఖరి బొత్తాం మాత్రం తన డబ్బాలో వేసుకునేది.

"ఇదెప్పుడు కుడుతవక్కా?" అనేవాడు కోటు తెచ్చినవాడు.

"పైకొచ్చినంక కుడుత. పోయి రా."

పని మిగిలి ఉంటే మనిషి తిరిగొస్తాడని ఆమె నమ్మకం. పైకొచ్చి అడిగితే మళ్ళీ అదే మాట.

"నేను ముసలోణ్ణయినా ఈ కోటుకు బొత్తాం పడదు!" అని నవ్వేవాళ్ళు. రోజూ దిగేవాళ్ళు, రోజూ వచ్చేవాళ్ళు.

ఒకనాడు కొత్త మేస్త్రీ వచ్చాడు. ఆఖరి బొత్తాం లేక కోటు అంచు వేలాడితే బొగ్గు బండికి తగులుకుంటుందట. అంచు మూయనివాణ్ణి దిగనివ్వనన్నాడు. అందరూ పిన్నీసులు పెట్టుకున్నారు. ఓదెమ్మ పెనిమిటి కొమురయ్య మాత్రం ఒప్పుకోలేదు.

"కుట్టేదాని మొగుణ్ణి, పిన్నీసు పెట్టుకోవాల్నా? నవ్వుతరే! కుట్టు."

వద్దంది. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంది. మూడోసారి కుట్టింది.

ఆనాడే బాయి కప్పు కూలింది. ముగ్గురు పైకి రాలేదు. ఇద్దరివి పిన్నీసు కోట్లే. మూడోవాడు కొమురయ్య.

అప్పుడు తెలిసిందామెకు. బొత్తాం ఎవరినీ చంపలేదు. ఎవరినీ కాపాడనూ లేదు. ఏడవడానికి తన తప్పు కూడా మిగల్లేదు.

మూడు దినాలకు పక్కింటామె మొగుడి కోటు తెచ్చింది.

"ఆఖరిది కుట్టకు వదినె."

"దాంతోని ఏం కాదే."

"ఎరుకే. అయినా కుట్టకు."

ఓదెమ్మ కుట్టలేదు. బతికినన్నాళ్ళూ ఎవరికీ ఆఖరి బొత్తాం కుట్టలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మగవాడు బాయికి పోతుంటే, ఇంటావిడ అతని చొక్కా ఆఖరి బొత్తాం తెంపి దాస్తుంది. "పైకొచ్చినంక కుడుత" అంటుంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు. రానివాళ్ళు రావడం లేదు. బొత్తాల డబ్బా లేని ఇల్లు మాత్రం ఆ ఊళ్ళో లేదు.