పోకచెక్క పందెం

మిరియం తీగలు పాకే కొండల దిగువన ఒక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటారా? రాజుగారు పొద్దున గుర్రమెక్కి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి పక్క రాజ్యంలో దిగేవారు. ఆయన బిరుదులు చదవడానికి మాత్రం ఆ ప్రయాణమంత సేపూ పట్టేది.

ఆయన పేరు ఉద్దండరాయలు. అడపం అనే తాంబూలపు పెట్టె పట్టుకుని ఆయనకు తాంబూలం అందించే ఉద్యోగి బుచ్చెన్న. వక్క కత్తిరించే చెయ్యి ఎంత చురుకో, వాడి నోరూ అంతే చురుకు.

భోజనాలయ్యాక ఇద్దరూ ముక్కలాట ఆడేవారు. మహారాణి రత్నాంబ పక్కన కూర్చుని చూసేవారు. ఆట తేలికే. చెరో పోకచెక్క నడిమిలో పెట్టి చెరో ముక్క తీసుకోవాలి. ఒకటి నుంచి పది దాకా అంకెలు, వాటిపైన మంత్రి, అన్నిటిపైనా రాజు. ముక్క నచ్చినవాడు ఇంకో చెక్క వేయవచ్చు. అప్పుడు అవతలివాడు తనూ ఒకటి వేసి ముక్క చూపించమనాలి, లేదంటే తన ముక్క పారేసి నడిమిది వదులుకోవాలి. ఎవరూ వేయకపోతే ఊరికే ముక్కలు తిప్పి చూసుకోవడమే, పెద్ద ముక్కదే గెలుపు. ఎంత ఉబలాటమున్నా ఒక్క చెక్కకు మించి వేయకూడదు. రాజుగారి తాత ఒకసారి పట్టపుటేనుగునే పందెం ఒడ్డి, మర్నాడు ఊరేగింపులో కాలినడకన వెళ్లారట. అప్పటినుంచీ ఆ కట్టడి.

రాజుగారి ఆట ఆయనలాగే ఉండేది. మంత్రో రాజో వస్తే మీసం దువ్వుకుని చెక్క వేస్తారు. అంకె వస్తే, అంకెల కోసం చెయ్యి చాచడం మా వంశంలో లేదంటూ ఊరుకుంటారు. పైగా ముక్కలు ఎవరు పంచినా ముందు మాట ఆయనదే కావాలి. బుచ్చెన్న మాత్రం ఆరుతోనూ ఏడుతోనూ చెక్క వేసి, రోజూ నాలుగైదు చెక్కలు మిగుల్చుకుని ఇంటికి పోయేవాడు.

చెక్కలు పోయినందుకు రాజుగారికి బాధ లేదు, తోటలకు తోటలే ఉన్నాయి. ఆయనకు గుచ్చుకునేది రాణిగారి నవ్వు. తను రాజు ముక్క తిప్పితే ఆవిడ "ఊఁ" అంటారు. వాడు ఆరు తిప్పితే చప్పట్లు కొడతారు. ఒకనాడు వడ్డిస్తూ వడ్డిస్తూ, బుచ్చెన్న ఆట ఎంత చూడముచ్చటగా ఉంటుందో అనేశారు. ఆ పూట రాజుగారికి పాయసం చేదుగా తగిలింది.

మర్నాడే సభలో పోటీ ప్రకటించారు. చెరో ఇరవై చెక్కలు, ఇరవై పంపకాలు. ఓడితే బుచ్చెన్న కొలువు వదిలి సరిహద్దు కోటకు పోవాలి. అక్కడ మనుషులకన్నా దోమలు ఎక్కువ, ఉన్న మనుషులూ జ్వరంతో ముసుగుతన్ని పడుకునే ఉంటారు. మంత్రి గానీ రాజు గానీ బుచ్చెన్న చేతికి వస్తే వెనక్కిచ్చి వేరే ముక్క తీసుకోవాలట. అడపం పట్టే చేతిలో రాజేమిటి, అప్రతిష్ఠ కాదూ? చెక్కలు సమానంగా తేలితే గెలుపు రాజుగారిది.

బుచ్చెన్న అంతా విని, దయచేసి ఒక దోమతెర ఇప్పించండని మాత్రం వేడుకున్నాడు. రాణిగారు నవ్వారు. రాజుగారికి అదీ పడలేదు.

ఆట మొదలైంది. రాజుగారు ఊరుకున్నారంటే చేతిలో అంకేనని సభలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఆయన ఊరుకోగానే బుచ్చెన్న తన ముక్క చూసుకుని, మరీ చిన్నది కాకపోతే ఒక చెక్క ముందుకు జరిపేవాడు. రాజుగారు పారేయవచ్చు. పారేయలేకపోయేవారు. వాడి దగ్గర ఏముందో చూడకపోతే ఆయనకు ఊపిరాడదు. రెండుతోనూ మూడుతోనూ చెక్క వేసి మరీ చూసి, ఓడేవారు. అయితే ఆ రోజు ముక్కలు ఆయన పక్షాన ఉన్నాయి. మంత్రీ రాజూ మాటిమాటికీ వచ్చాయి. అవి వచ్చి ఆయన చెక్క వేసినప్పుడల్లా బుచ్చెన్న దణ్ణం పెట్టి పారేసేవాడు.

పందొమ్మిది పంపకాలయ్యేసరికి రాజుగారివి ఇరవై ఒకటి, బుచ్చెన్నవి పందొమ్మిది.

ఆఖరి ముక్క. చెరో చెక్క నడిమిలో పడింది. రాజుగారు ముక్క మూల ఎత్తి చూశారు. నాలుగు. అయినా ఆయన మనసు తేలికైంది. ఈ ఒక్క చెక్కా పోయినా ఇరవైకి ఇరవై, గెలుపు తనదే. హాయిగా ఊరుకున్నారు.

బుచ్చెన్న ఇంకో చెక్క జరిపాడు.

రాజుగారు పారేద్దామని చెయ్యెత్తారు. అప్పుడు బుచ్చెన్న చేతులు కట్టుకుని అన్నాడు, "పారేయండి మహాప్రభూ. పారేస్తే గెలుపు తమదే, నేను మూట సర్దుకుంటాను."

"ఆపాటి లెక్క మాకూ తెలుసులేవోయ్."

"పారేశాక నా ముక్క తమకు చూపించే ఆనవాయితీ ఎటూ లేదు. పోయేముందు ఒక్క మనవి. ఇన్నాళ్లూ నా ఆట మెచ్చుకున్నారు గనక, ఇది మహారాణీవారికి ఒక్కరికే చూపించి పోతాను."

కాదనడానికి రాజుగారికి కారణం దొరకలేదు. బుచ్చెన్న ముక్కను అరచేత కప్పి తీసుకెళ్లాడు. రాణిగారు వంగి చూశారు. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏముంది?" అన్నారు రాజుగారు.

"నాకొక్కదానికే కదండీ చూపించింది" అన్నారు రాణిగారు.

రాజుగారి కళ్లముందు రాబోయే ఏళ్లన్నీ కదిలాయి. బుచ్చెన్న సరిహద్దులో ఉంటాడు. ఈవిడ ఇక్కడ కూర వడ్డిస్తూ ఉన్నట్టుండి నవ్వుకుంటుంది. ఎందుకని అడిగితే ఏం లేదంటుంది. వాణ్ణి కోట దాటించవచ్చు గానీ, ఆ నవ్వును ఎక్కడికి పంపడం?

ఎత్తిన చెయ్యి ముక్కను వదిలి చెక్కను పట్టుకుంది. ఠక్కున నడిమిలో పడింది.

"చూపించరా!"

బుచ్చెన్న తిప్పాడు. ఆరు.

రాజుగారి నాలుగు వెలవెలబోయింది. బుచ్చెన్నవి ఇరవై ఒకటయ్యాయి, రాజుగారివి పందొమ్మిది.

"ముష్టి ఆరుతో ఇంత పొగరా? నా దగ్గర ఏడుంటే ఏమయ్యేవాడివి?" అన్నారు రాజుగారు.

"కోటకు పోయేవాణ్ణి. ఊరుకున్నా కోటకే కదా మహాప్రభూ."

"మరి మొన్న ఇదే ఆరు చేతిలో పెట్టుకుని మెదలకుండా కూర్చున్నావే?"

"మొన్న మహారాణీవారు పుట్టింట్లో ఉన్నారండి. చూసేవారు లేకపోతే తమరు చిన్న ముక్కను నిశ్చింతగా పారేస్తారు. పెద్ద ముక్కయితే చెక్క వేసి నన్ను ముంచుతారు. ఆరు లాంటి ముక్కను, మనకన్నా చిన్న ముక్కతోనైనా సరే చూసి తీరాలనేవారు ఎదురుగా ఉంటేనే వేయాలి. నేను చూసుకునేది నా ముక్కను కాదు, తమ ముఖాన్ని."

రాజుగారి మీసం కొస అదిరింది. కోపమనుకుని అందరూ తలలు వంచారు. కాదు, నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వారు. కొలువు పదిలమన్నారు, మెడలోని ముత్యాల దండ తీసి స్వయంగా బుచ్చెన్న మెడలో వేశారు.

"అబ్బ, బుచ్చెన్నకు ఎంత నప్పిందో" అన్నారు రాణిగారు.

రాజుగారి నవ్వు ఠక్కున ఆగింది. బుచ్చెన్న ఆయన ముఖం ఒకసారి చూసి, దండ తీసి అడపంలో పెట్టి మూత వేశాడు.

"ఇంటికెళ్లి వేసుకుంటాను మహాప్రభూ" అన్నాడు.

ఈసారి రాజుగారు నవ్విన నవ్వుకు నడిమిలోని పోకచెక్కలన్నీ దొర్లిపోయాయి.