ఎక్కడికి?

"కోపం నా చేతిలో లేదు గురువుగారూ. దానంతట అదే వచ్చేస్తుంది. దాన్ని గెలిచే దారి చెప్పండి" అని జగ్గారావు అడిగాడు.

పరాంకుశంగారు విశాఖపట్నంలో ఒక బియ్యం కొట్టు మేడమీద సాయంకాలాలు గీత చెప్పేవారు. నచ్చని ప్రశ్న వింటే జవాబివ్వకుండా పుస్తకం మూసెయ్యడం ఆయన అలవాటు. ఆ రోజూ మూసేశారు. మర్నాడు ఉదయం జగ్గారావు మామగారికి గుండె ఆపరేషను. లోపలికి తీసుకువెళ్ళకముందే కూతుర్ని ఒకసారి చూడాలని ఆయన కబురు పెట్టాడు. ఆయన పరాంకుశంగారికి పాత స్నేహితుడు కూడా. అందుకని, "రేపు మీతో నేనూ వస్తాను" అని మాత్రం అన్నారు గురువుగారు.

తెల్లవారి ఆయన వెళ్ళేసరికి జగ్గారావు, అతని భార్య సత్యవేణి గుమ్మం దాటుతున్నారు. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న జగ్గారావు తల్లి తలెత్తింది. ఆవిడకు మతిమరుపు. రాత్రి చెప్పింది పొద్దుటికి గుర్తుండదు.

"ఎక్కడికిరా, ఇంత పొద్దున్నే?" అంది.

బయల్దేరేవాణ్ణి అలా అడిగితే వెళ్ళే పని చెడుతుందని మనవాళ్ళ పట్టింపు. జగ్గారావు ముఖం జేవురించింది. నీ నోరు పడిపోనూ అన్నాడు, కన్నతల్లిని. ఆవిడ తానేం తప్పు చేసిందో తెలియక చింతపండు పళ్ళెంకేసి చూస్తూ ఉండిపోయింది. సత్యవేణి గడియారం చూపించి, నాన్న ఎదురు చూస్తుంటాడు, నడవండి అని బతిమాలింది. ఆమెనూ కసిరాడు. మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగితే తప్ప కదలడానికి వీల్లేదన్నాడు. గురువుగారు, ఆలస్యమవుతుందయ్యా అంటే మాత్రం, ఎంతో వినయంగా కుర్చీ తుడిచి వేసి, ఒక్క నిమిషం దయచెయ్యండి అన్నాడు.

వాళ్ళు వీధి చివరికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజు ఆటోల బందు. తరవాతి బస్సు వచ్చేదాకా సత్యవేణి రోడ్డు అంచున నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

బస్సెక్కాక కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఎక్కడికి?" అన్నాడు. జగ్గారావు జేబు తడుముకుంటూ వెంటనే చెప్పలేదు.

"నిన్నేనయ్యా. ఎక్కడికి? ఊరు చూడ్డానికొచ్చావా?"

"ఆసుపత్రి దగ్గరికండి. ఏమనుకోకండి" అన్నాడు జగ్గారావు, నవ్వుతూ.

పరాంకుశంగారు కమ్మీ పట్టుకున్న చెయ్యి బిగించారు. "ఇతనూ అదే అడిగాడు. దిగు. ఇంటికి పోయి మంచినీళ్ళు తాగి వద్దాం" అన్నారు, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా. ముందు సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. జగ్గారావు చిల్లర లెక్కపెట్టి కండక్టరు చేతిలో పెట్టాడు. కండక్టరుకు కోపమొస్తే నడిరోడ్డు మీద దింపేస్తాడు. తల్లికి కోపమొచ్చినా మధ్యాహ్నం అన్నం పెడుతుంది. ఆ లెక్క అంత బాగా తెలిసిన కోపాన్ని పట్టుకుని, అది తన చేతిలో లేదంటాడు మనిషి.

ఆసుపత్రిలో పై అంతస్తుకు చేరేసరికి మంచం ఖాళీగా ఉంది. ఇప్పుడే తీసుకెళ్ళారమ్మా, తలుపుకేసే చూస్తూ పడుకున్నాడు అని పక్కమంచం దగ్గరున్నావిడ చెప్పింది. ఆయన తిరిగి కళ్ళు తెరుస్తాడో లేదో సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేరు. సత్యవేణి ఏడవలేదు. భర్తకేసి ఒక్కసారి చూసి, వరండాలో గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది.

జగ్గారావుకు ఆ చూపు తగిలింది. గబగబా వచ్చి, పరాంకుశంగారి కాళ్ళమీద పడి, తప్పయిపోయింది, క్షమించండి అన్నాడు.

గురువుగారు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"క్షమాపణ కూడా బయటివాళ్ళకేనా, జగ్గారావూ?" అన్నారు.