మబ్బుకబురు

భీమిలి దగ్గరి ఒక తీరపు ఊళ్లో కాత్యాయని అనే అమ్మాయి ఉండేది. గంటలకొద్దీ ఊహల్లో తేలేది కానీ, ఎవరినీ ఏదీ అడిగేది కాదు.

ఇసుక మీద నెత్తళ్లు అనే చిన్న చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ల కోసం ఆమె ఒంటరిగా రెండేళ్లు కూర్చుని ఒక మొబైల్ యాప్ తయారుచేసింది. వాన రావడానికి అరగంట ముందే అది కబురు చెబుతుంది. అందుకే దానికి మబ్బుకబురు అని పేరు పెట్టుకుంది. తెర మీద లేతనీలం ఆకాశం, అందులో దూదిలాంటి మబ్బు ఒకటి మెల్లగా తేలుతూ వచ్చేది. ఆ మబ్బు అంచుకు వెండి రంగు కుదరడానికే ఆమెకు నెల పట్టింది. పని చేస్తూ చేస్తూ కిటికీలోంచి సముద్రాన్ని చూసేది. తీరం పొడుగునా ఆడవాళ్లు తన మబ్బును చూసి మురిసిపోతున్నట్టు, అలలు కూడా తన పేరే పలుకుతున్నట్టు అనిపించేది.

"ఒకసారి ఆ పైడమ్మకు చూపించవే. నలభై ఏళ్లుగా చేపలు ఎండబెడుతోంది," అంది తల్లి.

"పూర్తయ్యాక చూపిస్తాలే అమ్మా," అంది కాత్యాయని.

ఒక శుక్రవారం పొద్దున యాప్ విడుదల చేసింది. తీరానికి వెళ్లి ఇరవై మంది ఫోన్లలో తనే వేసిచ్చింది. మబ్బును చూసి అందరూ ముచ్చటపడ్డారు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్లో మబ్బు కదిలింది. సంబరంగా మేడ మీదికెళ్లి, ఇప్పుడెత్తుతారు ఇప్పుడెత్తుతారని పావుగంట పైగా చూసినా, తీరంలో ఎవరూ చేపలు ఎత్తడం లేదు. ఆమె పరుగెత్తుకెళ్లేసరికే వాన దంచికొట్టింది. నాలుగు రోజుల వేట తడిసి ముద్దయింది.

"ఫోన్ చూసుకోలేదా అత్తా?" అంది కాత్యాయని.

పైడమ్మ పాడైన చేపలను దోసిట్లోకి తీస్తూ అంది. "ఉప్పుచేతులు పిల్లా. ఫోన్ కవర్లో చుట్టి రొంటిన దోపుకుంటాం. నీ మబ్బు చక్కగానే ఉంది. సడీ చప్పుడూ లేకుండా వస్తే మాకెలా తెలుస్తుంది? ముందే అడిగుంటే చెప్పేదాన్ని."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువగా గుచ్చుకుంది.

మర్నాటి నుంచి పది రోజులు కాత్యాయని వాళ్లతో పాటే చేపలు పరిచింది, తిరగేసింది. ఎండలో తెర మీద ఏమీ కనబడదని అక్కడే తెలిసింది. మనసు చివుక్కుమంటున్నా మబ్బు బొమ్మ తీసేసింది. దాని చోట పైడమ్మ గొంతు పెట్టింది.

నెలాఖరున ఒక రోజు, సముద్రం కలలోలా నిశ్చలంగా ఉన్న వేళ, "వాన వచ్చేస్తోంది, చేపలెత్తండర్రా" అని ఇరవై మంది నడుముల దగ్గర్నుంచి ఒకేసారి కేక లేచింది. పైడమ్మ తన గొంతుకు తానే ఉలిక్కిపడి, నవ్వుకుంటూ వంగింది. కాత్యాయనీ ఒక గంప అందుకుంది. చివరి గంప పాకలోకి చేరాకే తొలి చినుకు పడింది.

నీతి: ఒకరి కోసం ఏదైనా చేయాలనుకుంటే, వాళ్ల అవసరమేమిటో ముందుగా వాళ్లనే అడిగి తెలుసుకోవాలి.