నీలిగాజు పూలకూజా

బందరులో కోదండపాణి అనే ఆయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, అందమైన వస్తువు కంటబడితే అది తన ఇంట్లో ఉండాల్సిందే అనుకునేవాడు.

పాత పూలకూజాలు సేకరించడం అతని సరదా. స్వాతంత్ర్యం వచ్చిన రోజులనాటి గాజు కూజాలు, సన్నని మెడల పింగాణీ కూజాలు ముందుగదిలో అద్దాల బీరువాల నిండా ఉండేవి. వాటి వెనక చిన్న చిన్న దీపాలు పెట్టించాడు. చూడవచ్చినవాళ్ళు "ఆహా!" అంటే ఆ పూటకి అతనికి అన్నం కూడా అక్కర్లేదు.

పక్కవీధిలో సలోమమ్మ అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు బడిలో టీచరు. చూపు బాగా మందగించినా, సాయంత్రాలు అరుగు మీద పిల్లలకు ఎక్కాలూ పద్యాలూ నోటితోనే నేర్పేది. ఆవిడ బల్ల మీద ఒక నీలిగాజు పూలకూజా ఉండేది. పొద్దున్నే పెరట్లోని నందివర్ధనాలు కోసి అందులో పెట్టుకునేది. దాన్ని చూసిన నాటి నుంచి పాణికి మనసు మనసులో లేదు.

"నా దగ్గరున్న వాటిలో మీకు నచ్చినది తీసుకుని, ఇది నాకివ్వండి టీచరుగారూ" అని అడిగాడు.

"మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన దీన్ని మద్రాసు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు నాయనా. ఎలా ఇస్తాను?" అంది ఆవిడ నవ్వుతూ.

కొన్నాళ్ళకు మోకాలి వైద్యానికి సలోమమ్మ గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. "మొక్కలకు నీళ్ళు పొయ్యి నాయనా" అని తాళంచెవి పాణికే ఇచ్చి వెళ్ళింది.

మొదట్లో నీళ్ళు పోసి వచ్చేసేవాడు. ఒకరోజు కూజాను చేతిలోకి తీసుకున్నాడు. 'ఆవిడకు కనబడదు. పూలు పెట్టుకోవడానికి ఏ కూజా అయితేనేం? నా దగ్గరుంటే నలుగురూ చూస్తారు' అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. బజారులో అలాంటిదే కొత్త కూజా కొని బల్ల మీద పెట్టి, పాతది ఇంటికి తెచ్చుకున్నాడు.

సలోమమ్మ తిరిగి వచ్చింది. పూలు పెట్టబోయి ఆగిపోయింది. కూజా అంచు చుట్టూ వేళ్ళు తిప్పింది.

"పాణీ, ఇది మా కూజాయేనా? చేతికి కొత్తగా ఉందేమిటి?"

"అదేనండీ. ఎప్పుడూ అలాగే ఉంది" అన్నాడు పాణి.

ఆవిడ పూలు అందులోనే పెట్టింది.

ఆ వారం సలోమమ్మ అరుగు మీద పిల్లల గొంతులు వినబడలేదు. ఏమైందోనని పాణి వెళ్ళి అడిగాడు.

"చదువు చెప్పడం మానేశాను నాయనా" అంది ఆవిడ నెమ్మదిగా. "ఇన్నేళ్ళు రోజూ ముట్టుకున్న వస్తువునే పోల్చుకోలేకపోయాను. నా మతి పోతోంది. పిల్లలకు తప్పులు చెబితే పాపం కదా! పొయ్యి వెలిగించాలన్నా భయంగానే ఉంది."

పాణి తాను తెచ్చుకున్నది ఒక్క కూజానే అనుకున్నాడు. ఆవిడకు తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా పట్టుకొచ్చాడన్నమాట. పరుగున ఇంటికి వెళ్ళి, బీరువాలోంచి కూజా తీసి, తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

సలోమమ్మ దాన్ని తడిమింది. ముఖం వెలిగిపోయింది. "ఇదే! ఇదే మా కూజా! అయితే నా మతి బాగానే ఉందన్నమాట!" అంటూ కళ్ళు తుడుచుకుంది.

"నేనే మార్చానండీ. నన్ను క్షమించండి" అన్నాడు పాణి తల వంచుకుని.

"క్షమించాను నాయనా. నీ మీద కోపం లేదు. కానీ ఇకమీదట మా ఇంటికి రావద్దు. నువ్వు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో వస్తువులన్నీ తడిమి చూసుకోవాలనిపిస్తుంది. ఈ వయసులో ఆ బతుకు నేను బతకలేను."

మర్నాటి సాయంత్రం ఆ అరుగు మీద మళ్ళీ ఎక్కాలు మొదలయ్యాయి. పాణి ఆ వీధిన పోతూ ఒక్క క్షణం ఆగాడు. లోపలికి వెళ్ళే ముఖం లేక ముందుకు నడిచాడు.

కాజేసిన వస్తువును తిరిగి ఇచ్చేయవచ్చు గానీ, పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోలేం.