రాజుగారు గుట్ట ఎక్కిన సాయంత్రం

“మైలారయ్యా, నీకు మతి పోయిందా?” అన్న రాజుగారి కేకకు సభంతా కొయ్యబారిపోయింది.

ఇసుక తప్ప మరేదీ పండని ఒకానొక రాజ్యంలో జరిగిన సంగతి ఇది. రాజు ప్రతాపకేతుడు. ఒక్క మెట్టు ఎక్కితే సూర్యుడికి ఒక్క మెట్టు దగ్గరవుతామని ఆయన నమ్మకం. అందుకే వేసవి రాగానే సింహాసనాన్ని మెట్ల మీంచి దింపించి నేల మీద వేయించుకునేవాడు. నగరమూ పల్లంలోనే ఉండేది. పక్కనున్న ఎత్తైన గుట్ట ఎవరూ ఎక్కకూడదని చాటింపు.

ఆ ఏడు వడదెబ్బకు రోజుకొకరు పోతున్నారు. విదూషకుడు మైలారయ్య భార్య ఎల్లసాని మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. గుట్ట మీద చల్లగా ఉంటుంది, రోగులను అక్కడికి పంపమని అతను వేడుకున్నాడు. దానికే ఆ కేక.

మైలారయ్య చటుక్కున లెంపలేసుకున్నాడు. కొరడా దెబ్బలైనా తింటాను గానీ ఆ మండే గుట్టకు మాత్రం తోలొద్దని రాజు కాళ్ల మీద పడ్డాడు.

రాజు మీసం దువ్వాడు. “చల్లగా ఉంటుందన్నావుగా? నీ మాట నమ్మినవాళ్లందరినీ వెంటబెట్టుకుని పో. వారం తర్వాత మేమే వచ్చి మీ బూడిద చూస్తాం.”

రోగులందరూ నమ్మామన్నారు. వాళ్లను మోసే బంధువులూ నమ్మామన్నారు.

వారం తర్వాత రాజు ఒంటినిండా తడిబట్టలు చుట్టుకుని, రెండు గొడుగులు పట్టించుకుని, ఇద్దరి చేత విసిరించుకుంటూ గుట్ట ఎక్కాడు. ఎక్కి, అలాగే నిలుచుండిపోయాడు.

బూడిద పొయ్యిలో తప్ప ఎక్కడా లేదు. గిన్నెలో నెయ్యి తెల్లగా పేరుకుని ఉంది. చచ్చిపోతుందనుకున్న ఎల్లసాని, గులాబీరంగు ఎండలో కూర్చుని, గంజిలో ఉప్పెక్కువ వేశావని మొగుణ్ణి సాధిస్తోంది. ఆపమన్నవాళ్లు లేక విసనకర్రలు ఆడుతూనే ఉన్నాయి.

మైలారయ్య చేతులు కట్టుకున్నాడు. “వేడి కూడా తమవంటిదే ప్రభూ. పల్లంలోనే కొలువుంటుంది, మెట్లెక్కే ఓపిక దానికి లేదు.”

భటులు కత్తుల పిడులు పట్టుకున్నారు. కానీ రాజు పకపకా నవ్వాడు. నవ్వుతుంటే పళ్లు టకటకమన్నాయి. మెడలోని ముత్యాలహారం తీసి మైలారయ్యకు వేశాడు. ఇకనుంచి వేసవిలో నగరమంతా గుట్ట మీదే కాపురం ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. తాను పొరబడ్డానని మాత్రం అనలేదు.

ఇంకాస్త గట్టిగా విసరమంటారా అని మైలారయ్య వినయంగా అడిగాడు.

రాజు పొయ్యి దగ్గరికి జరిగాడు.

“ఆపమనవయ్యా,” అన్నాడు చివరికి, అందరూ వినేలా. “నాకు చలేస్తోంది.”